తొర్రి ఉడుత

పన్ను లేని నోరు కనిపిస్తే చాలు, ఆ కోడలికి చేతులు ఊరుకోవు. తప్పు ఆమెది కాదు, వృత్తి అలాంటిది. దర్జీకి ముందు చొక్కా కుట్టు కనిపించి ఆ తర్వాత మనిషి కనిపించినట్టే, ఆమెకు ముందు పళ్ళు కనిపిస్తాయి. పళ్ళ డాక్టర్లు రోగుల నోటికి అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చును బట్టి పింగాణీ పళ్ళు చేసి ఇచ్చే ల్యాబులో ఆమె పని. పింగాణీ పొడిని చుక్క నీటితో తడిపి, సన్న కుంచెతో పొర మీద పొర పేర్చి, చేతిసంచి అంత కొలిమిలో కాల్చి, పక్క పన్నుకు తోబుట్టువులా తీర్చిదిద్దుతుంది. ఆమె చేసిన పన్ను పెట్టుకున్నవాడు అద్దం ముందు ఎంతసేపు ఇకిలించుకున్నా ఏది తనదో ఏది ఆమెదో పోల్చుకోలేడు.

అలాంటి మనిషికి ఏరి కోరినట్టు తొర్రి పన్ను అత్తగారు దొరికింది.

అత్తగారికి చిన్నప్పుడే మెట్ల మీద పడి పైవరసలో ముందు పన్ను విరిగింది. పూర్తిగా ఊడినా ఒక అందం ఉండేది. ఏటవాలుగా ఒక ముక్క మిగిలి, దాని పక్కన సందు పడింది. పెళ్ళయిన కొత్తలోనే కోడలు నోరు తెరిచి అడిగింది.

"అత్తయ్యా, ఒక్క పన్ను చేసి పెడతాను. ఉన్నట్టు కూడా తెలియదు మీకు."

"నా నోటికేం లోటమ్మా? తింటున్నాను, తిడుతున్నాను. ఇంకేం కావాలి?" అంది అత్తగారు.

ఆవిడ చెప్పని మూడో పని ఇంకొకటుంది. ఆ సందులోంచి ఈల వేస్తుంది. మామూలు ఈల కాదు, వెనకాల బుస్సుమని గాలి తోక ఉన్న ఈల. కొడుకును పిలవడానికి పొట్టి ఈల, కోడలిని పిలవడానికి సాగదీసిన ఈల. సెల్‌ఫోన్ ఉండగా ఇదేం పద్ధతి అని కొడుకు అంటే, "దానికి చార్జింగు పెట్టాలి, దీనికి అక్కర్లేదు" అనేది. మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుని ల్యాబు గేటు దగ్గరికి వచ్చి, మేడ మీద కిటికీ వైపు చూసి, సాగదీసి ఈల వేసేది. ల్యాబులో అందరూ తలలెత్తేవాళ్ళు. "మీ అత్తగారి బండి వచ్చింది" అని యజమాని నవ్వేవాడు. ఊరందరికీ పళ్ళు కట్టే మనిషి సొంత అత్తగారు గేటు దగ్గర తొర్రి నోటితో ఈల వెయ్యడమేమిటని కోడలికి తల కొట్టేసినట్టుండేది. ముందు కిటికీ మూసేది, తర్వాత మెట్లు దిగేది.

ఇక అత్తగారి బొమ్మల సంగతి. ఆవిడ చిన్నప్పుడు చేత్తో గీసిన జంతువుల సినిమా ఒకటి వచ్చింది. ఆ రోజుల్లో పిల్లలందరూ చూశారు, పెద్దయ్యాక అందరూ మర్చిపోయారు, అత్తగారూ ఇంకో గుప్పెడు మందీ తప్ప. అప్పట్లో ఒక పింగాణీ కార్ఖానా ఆ సినిమాలోని జంతువులను బొమ్మలుగా చేసి అమ్మింది. కార్ఖానా ఎప్పుడో మూతపడింది. బొమ్మలు మాత్రం ఊళ్ళు తిరిగి, చేతులు మారి, ఒక్కొక్కటే అత్తగారి గాజు బీరువాలోకి చేరాయి. గొడుగు పట్టుకున్న బాతు, డోలు మోసే ఎలుగుబంటి, ఒకే చక్రాల బల్ల మీద నిలబడ్డ కుందేళ్ళ జంట, దీపం పట్టుకున్న తాబేలు. ఆదివారం వచ్చిందంటే ఆవిడ వాటిని మెత్తటి కుంచెతో దులుపుతూ ఆ సినిమా కథ చెప్పేది. కోడలు పక్కనే ఉతికిన బట్టలు మడతపెడుతూ ఊ కొట్టేది. ఏదో వరద, ఏదో అడవి, ఎవరో ఉడుత. అంతకు మించి ఆమె చెవిన పడలేదు. పడనివ్వలేదంటే ఇంకా సబబు.

బీరువాలో లేనిది ఆ ఉడుత ఒక్కటే. కార్ఖానావాళ్ళు దాన్ని కొద్దిగానే చేశారట, ఎక్కువ భాగం కొలిమిలోనే పగిలిపోయాయట. ఈ బొమ్మలు పోగుచేసేవాళ్ళందరికీ ఒక సంఘం ఉంది. ఏటా ఒకసారి గ్రంథాలయం హాల్లో ఎవరి వరస వాళ్ళు బల్ల మీద పేరుస్తారు. దొరకని బొమ్మ ఉంటే దాని చోట ఒక కప్పు బోర్లిస్తారు. బొమ్మ దొరికిన ఏడు, ఆ బొమ్మ గలవాళ్ళు అందరి ముందూ కప్పు ఎత్తి, సినిమాలో ఆ జంతువు ఏం చేసిందో చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. అత్తగారి కప్పు బోర్లించి బోర్లించి అడుగున రంగు కూడా పోయింది.

ఈ ఏడాది ఉడుత దొరికింది. సంఘంలోనే గుండీల తాత అని ఒకాయన ఉన్నాడు. గుండీల కొట్టు నడుపుతాడు. ఆయన ఎక్కడో దూరప్రాంతంలో దాన్ని పట్టుకుని, అత్తగారి దగ్గర జంటగా ఉన్న నక్కల్లో ఒకదానికి మారకం కుదిర్చాడు. పార్సిలు రావడం, అత్తగారు కంటి ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉండడం ఒకేసారి జరిగాయి. "వచ్చీ రాగానే విప్పి చూసి, బాగుందో లేదో నాకు చెప్పమ్మా" అని కోడలికే అప్పగించి వెళ్ళింది ఆవిడ.

కోడలు వంటింటి బల్ల మీద పెట్టె విప్పింది. గడ్డిలోంచి ఉడుత బయటికొచ్చింది. అరచేతిలో ఇమిడేంత బొమ్మ, భుజం మీదుగా ముందుకు వంగిన తోక, తెరిచిన నోరు. నోట్లో ముందు పన్ను సగానికి విరిగిపోయి ఉంది.

పెట్టెలోని గడ్డంతా పరకపరకా విదిలించింది. కాగితాలు దులిపింది. నేల మీద మోకాళ్ళూని వెతికింది. ముక్క దొరకలేదు. మొగుడు గుమ్మంలో నిలబడి, "దారిలో విరిగినట్టుంది. అమ్మకు చెబుదామా?" అన్నాడు.

"కంటి కట్టు విప్పని మనిషికా? ఏడిస్తే కన్ను ఏమవుతుంది?" అంది కోడలు. అప్పుడే ఆమె చేతులు ఊరుకోవడం మానేశాయి. విరిగింది కాలైతే ఏడవాలి, చెవైతే ఏడవాలి. విరిగింది పన్ను! వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టుంది.

మర్నాడు ల్యాబులో పని ముగించి ఉడుతను బల్ల మీద పెట్టింది. "మనుషుల పళ్ళు అయిపోయాయా?" అన్నాడు యజమాని. "మా అత్తగారికి ఉడుతాభక్తి" అంది. పెద్ద భూతద్దం కింద బియ్యపు నూకంత పన్నును పొర మీద పొర పేర్చింది. మిగతా పళ్ళ తెలుపులో కాస్త మీగడ రంగు ఉంది, దాన్ని సరిగ్గా పట్టుకుంది. విరిగిన అంచు గరుకుగా ఉందని నున్నగా అరగదీసింది. మళ్ళీ ఊడకుండా మందు పూసి, బంక పెట్టి, నీలం దీపం వేసి గట్టిపరిచింది. ఆ పన్నుతో ఉడుత అక్రోటు కొరికినా ఇక ఊడదు. ఇన్నేళ్ళ పనిలో అంత చిన్న పన్ను, అంత చక్కటి పన్ను ఆమె చెయ్యలేదు. ఇంటికి వెళ్తూ దారిలో తనలో తనే నవ్వుకుంది.

అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే బీరువా దగ్గరికి నడిచింది. కొత్త కంటితో, భూతద్దంతో ఉడుతను చూసింది. కోడలు వెనకాలే నిలబడింది. మెచ్చుకోలు కోసం నిలబడిందని వేరే చెప్పక్కర్లేదు.

"ఇది ఎవరు చేశారు?" అంది అత్తగారు.

"నేనే అత్తయ్యా! దారిలో పన్ను విరిగి వచ్చింది. మీరు బెంగపెట్టుకుంటారని..."

"విరిగి రాలేదమ్మా. అది పుట్టడమే అలా పుట్టింది. సినిమాలో దాని పేరే తొర్రి ఉడుత." అత్తగారు బొమ్మను నెమ్మదిగా కింద పెట్టింది. "దానిదీ నాదీ ఒకే వాటం. అందుకే కదా దాని కోసం ఇన్నేళ్ళు తిరిగాను. ఎన్నిసార్లు చెప్పాను నీకీ కథ?"

కోడలు చటుక్కున వంగి ఉడుత నోట్లోకి చూసింది.

"నా నోరంటే నీకు నామోషీ అని నాకు తెలుసు. నేను ఈల వేస్తే నువ్వు కిటికీ మూసే చప్పుడు గేటు దాకా వినిపిస్తుంది. నన్ను ఒప్పించలేకపోయావు. అది నోరు లేనిది, దొరికిపోయింది." అలా అంటూ అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకుంది నోటికి. ఆ ఇంట్లో ఆవిడ అలా చెయ్యడం అదే మొదటిసారి. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర, చెయ్యి అడ్డం తియ్యకుండానే అంది. "నాకు కూడా పన్ను కట్టెయ్యమ్మా. ఎప్పుడు రమ్మంటావో చెప్పు. నీకూ తలవంపులు ఉండవు."

ఎన్నేళ్ళుగానో ఏ మాట కోసం ఆమె పోరు పెట్టిందో ఆ మాట చేతికొచ్చింది. వచ్చి, నిప్పులా కాలింది. ఆ మధ్యాహ్నం ల్యాబు గేటు దగ్గర ఈల వినిపించలేదు. డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి అత్తగారు వెళ్ళిపోయింది. కోడలు కిటికీ దగ్గర నిలబడి, మలుపు తిరిగిపోతున్న ఆ వీపును చూసింది. నేనే నొక్కేశాను ఆ గొంతు అనుకుంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకుంది. ఏడుస్తూ కూర్చునే రకం కాదు ఆమె. ఉడుతకు పెట్టిన చేత్తోనే ఆ పన్ను తియ్యాలి, తీసేదాకా అత్తగారి నోటికి అచ్చు తియ్యకూడదు అని గట్టిగా అనుకుంది.

గుండీల తాత కొట్టుకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చేతిలోని గుండీల డబ్బా పక్కన పెట్టేశాడు.

"పళ్ళున్న ఉడుతంటే సంఘంలో దాన్ని నకిలీ అంటారమ్మా. అమ్ముకునేవాళ్ళు తెలియక అందంగా పళ్ళన్నీ పెట్టి నకిలీలు చేశారు అప్పట్లో. ఆ కప్పు ఎత్తరు మీ అత్తగారు, నాకు తెలుసు."

"తీసేస్తాను తాతగారూ."

"మూతి పగిలితే? పల్చటి పెంకు అది. వదిలెయ్, ఉన్నదైనా మిగులుతుంది."

"పగలనివ్వను," అంది కోడలు. "నేను పెట్టిన పన్ను గట్టితనం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు."

ప్రదర్శన ఇంకా రెండు వారాలుంది. లాగితే రాదు. వేడి చేస్తే బంక మెత్తబడుతుంది గానీ, పాత పింగాణీ ఒంటి మీద వెంట్రుకవాసి చీలిక ఒకటి ఆమెకు కనిపించింది, వేడికి అది విచ్చుకుంటుంది. ఇక అరగదియ్యడమే. కానీ పన్నూ తెలుపే, పెంకూ తెలుపే, మధ్యలో బంక కూడా తెలుపే. ఎక్కడ ఆపాలో కన్ను చెప్పదు, వేలే చెప్పాలి. అందుకని ముందు వేలికి బడి పెట్టింది. ఇంట్లో పగిలిన కప్పులూ సాసర్లూ ల్యాబుకు మోసుకెళ్ళి, వాటి అంచులకు పళ్ళు అతికించి, గట్టిపరిచి, మళ్ళీ అరగదీసింది. మొదటివి పెచ్చులు లేచిపోయాయి. తర్వాతవి గీతలు పడ్డాయి. మొగుడు కాఫీ తాగడానికి కప్పు కోసం వెతుక్కుని, చివరికి గ్లాసుతో సరిపెట్టుకున్నాడు. "ఇల్లు కాల్చి బొగ్గులు ఏరుకుంటున్నావు" అన్నాడు. "ఇంకో కప్పుంటే ఇవ్వండి" అంది ఆమె.

ఒకరోజు తీసిన పన్ను వెనక కప్పు మీద ఒక్క గీత కూడా లేదు. వేలితో తడిమింది, నాలుకతో తడిమింది. నున్నగా ఉంది. ఆ రోజే ఉడుతను బల్ల మీదికి తెచ్చింది.

నీటిచుక్కలు వేస్తూ, సన్నటి వజ్రపు పొడి మొనతో, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. సగం దాకా బాగా సాగింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. చీలిక భయం కాదు, ఇంకో సంగతి గుర్తొచ్చింది. పన్ను పెట్టే ముందు తను పాత అంచును నున్నగా అరగదీసింది. అంటే తన పన్ను మొత్తం తీసేసినా పాత ఏటవాలు మిగల్లేదు. దాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే తన పన్నులోనే ఒక పెచ్చు ఉంచి, విరిగిన వాటం అందులో చెక్కాలి. ఆ వాటం ఎటు నుంచి ఎటు? బొమ్మ మీద దాన్ని తనే చెరిపేసింది. చూసిన కళ్ళు తనవే, కానీ ఆ రోజు అవి చూసింది విరగడాన్ని, వాటాన్ని కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో అంది. "అత్తయ్యా, రేపు ల్యాబుకు రండి."

"వస్తాను," అంది అత్తగారు, చేతి వెనకాల నుంచి.

మర్నాడు వచ్చింది. మంచి బట్టలు కట్టుకుని, ఆపరేషనుకు వెళ్ళినంత బుద్ధిగా వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. అచ్చు తీసే ముద్ద నోట్లో పడుతుందని ఎదురుచూసింది. ఏమీ పడలేదు. కళ్ళు తెరిస్తే కోడలు మొహం దగ్గరగా ఉంది, ఒక చేతిలో చిన్న అద్దం, రెండో చేతిలో ఉడుత.

"కాస్త వెలుతురు వైపు తిరగండి అత్తయ్యా. ఇటు ఎక్కువ విరిగిందా, అటా?"

"అచ్చు తియ్యవా?"

"మీకు కాదు, దీనికి. నేను చెరిపేసిన వాటం మీ నోట్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు."

అత్తగారు వెలుతురు వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచింది. ఇన్నేళ్ళలో కోడలు ఆ సందును పూడ్చాల్సిన గుంటగానే చూసింది. ఇప్పుడు మొదటిసారి దాని వాటం చూసింది. లోపలి వైపు పొడుగ్గా, బయటికి పోనుపోను పొట్టిగా, చివర చిన్న నొక్కు. ఆ నొక్కులోంచే గాలి బుస్సుమంటుందని ఆమెకు తట్టింది.

"ఇంకొకటి అత్తయ్యా. ఆ కథ చెప్పండి."

"పని చేసుకోవే ముందు."

"చేస్తూనే వింటాను. మొదట్నుంచి చెప్పండి. ఉత్తుత్తినే ఊ కొడితే తిట్టండి."

అత్తగారు చెప్పింది. అడవిలో జంతువులన్నిటికీ ఈల వచ్చు. అన్నీ తేనెలాంటి ఈలలు. తొర్రి ఉడుత ఒక్కదానికి మాత్రం బుస్సుమని గాలిపోతుంది. అన్నీ పడీపడీ నవ్వాయి. సిగ్గుతో అది నోటికి తోక అడ్డం పెట్టుకుని తిరిగింది. ఇక్కడ కోడలి చేతిలో అరగదీసే యంత్రం ఆగింది. "ఆపావేం?" అంది అత్తగారు. "వింటున్నాను" అంది కోడలు, యంత్రం మళ్ళీ నడిపిస్తూ.

తర్వాత వరద వచ్చింది. వరద వెనకాలే పొగమంచు. ఎవరికెవరూ కనిపించరు. గట్టు మీదికి చేరినవాళ్ళు దారి చూపడానికి ఈలలు వేశారు. కొండ ఆ ఈలలన్నిటినీ తిప్పి కొట్టింది. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది అసలో ఏది కొండ పలుకో తెలియక నీళ్ళలో ఉన్నవాళ్ళు గిరగిరా తిరిగారు. అప్పుడు ఉడుత నోటికి అడ్డం పెట్టుకున్న తోక తీసేసి ఈల వేసింది. ఈల వెనకాల బుస్సుమన్న ఆ గాలి తోకను కొండ తిప్పి చెప్పలేకపోయింది. అది ఒక్క దిక్కు నుంచే వినిపించింది. ఆ దిక్కుగా అందరూ ఒడ్డుకు చేరారు.

"నేను అప్పటికి పన్ను విరిగి బడి మానేసి ఇంట్లో కూర్చున్నాను," అంది అత్తగారు. "సినిమా హాల్లోంచి బయటికొచ్చి, రోడ్డు మీద మా నాన్న చెయ్యి పట్టుకునే ఈల వేశాను. మర్నాడు బడికెళ్ళాను."

కోడలి కంటి ముందు అద్దాలు మసకబారాయి, తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. చివరి నొక్కును యంత్రంతో కాకుండా చెక్కపుల్ల మొనకు మెరుగు పెట్టే ముద్ద అద్ది, చేత్తోనే తీర్చింది.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. కోడలు బల్ల దగ్గరికి వెళ్ళకుండా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. దోషి ముందు వరసలో కూర్చోదు కదా. అత్తగారు కప్పు ఎత్తింది. కథ చెప్పింది, చెయ్యి అడ్డం లేకుండా చెప్పింది. గుండీల తాత భూతద్దం తీసి ఉడుత మూతి మీదికి వంగాడు, మిగతావాళ్ళూ వంగారు. ఒకాయన తలెత్తి, "మూతి దగ్గర ఒక పెచ్చు వేరే చేతి పని. అసలుది కాదు" అన్నాడు. హాలంతా ఒక్కసారి గుసగుసలాడింది.

"ఔను," అంది అత్తగారు. "ఆ పెచ్చు మా కోడలిది. ముందు పాడుచేసింది, తర్వాత బాగుచేసింది. నా నోట్లో చూసి చెక్కింది. ఒప్పుకుంటే ఒప్పుకోండి, లేకపోతే మీ వరస మీది, నా వరస నాది."

ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ జనం వైపు చూసింది. తలలు తప్ప ఏమీ కనిపించడం లేదు. మెడ సాచి ఇటూ అటూ వెతికింది. తర్వాత సాగదీసి ఒక ఈల వేసింది, వెనకాల బుస్సుమన్న తోకతో సహా. హాలంతా ఉలిక్కిపడి, ఎవరి కోసమా అని వెనక్కి తిరిగింది.

కోడలు గోడ వదిలి చెయ్యి పైకెత్తింది.

"ఇక్కడున్నాను అత్తయ్యా, వస్తున్నా," అని అందరికీ వినిపించేలా కేకేసి, జనాన్ని తప్పించుకుంటూ ముందుకు నడిచింది.